బ్రూటన్ పారిష్ చర్చి

బ్రూటన్ పారిష్ చర్చి అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని వర్జీనియా రాష్ట్రంలో, విలియమ్స్‌బర్గ్ అనే చిన్న పట్టణంలో ఉన్న ఎపిస్కోపల్ చర్చి. బ్రూటన్ పారిష్ 1674లో ఏర్పడింది. ప్రస్తుతం ఉన్న ఇటుక కట్టడం 1715లో పూర్తయింది. ఇది ఆ పారిష్‌కు రెండవ ఇటుక చర్చి. వర్జీనియా బ్రిటిషు వలస రాజ్యంగా ఉన్న కాలంలో ఇది రాజధాని చర్చి. గవర్నరు, శాసనసభ్యులు, కళాశాల విద్యార్థులు, పట్టణ ప్రజలు, వారి బానిసలు ఇక్కడే ఆరాధనకు వచ్చేవారు. 1970లో దీనిని జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించారు. నేటికీ ఇక్కడ క్రమం తప్పక ఆరాధనలు జరుగుతున్నాయి.

ఈ చర్చికి అమెరికా చరిత్రలో మరొక ప్రాధాన్యం ఉన్నది. 20వ శతాబ్దపు ఆరంభంలో ఈ కట్టడాన్ని పూర్వపు రూపానికి తెచ్చే ప్రయత్నం జరిగింది. ఆ ప్రయత్నమే తరువాత పట్టణం మొత్తాన్ని 18వ శతాబ్దపు రూపానికి మార్చిన బృహత్ కార్యక్రమానికి దారితీసింది. అందువలన పాత కట్టడాలలో దేనిని నిలపాలి, దేనిని తొలగించాలి, ఎవరి చరిత్రను చూపాలి అనే ప్రశ్నలకు ఈ చర్చి చరిత్ర ఒక మంచి ఉదాహరణ.

ఎపిస్కోపల్ సంఘం

బిషప్పుల పాలనలో నడిచే సంఘం అనే అర్థంలో ఎపిస్కోపల్ అనే పేరు వచ్చింది. అమెరికాలోని ఎపిస్కోపల్ సంఘం ఇంగ్లండు సంఘానికి చెందిన శాఖ నుండి ఏర్పడింది. అమెరికా స్వతంత్రమైన తరువాత అక్కడి ఆంగ్లికనులు ఇంగ్లండు రాజుకు విధేయత ప్రకటించే సంఘంలో కొనసాగడం సాధ్యం కాలేదు. 1785లో వారి మొదటి సర్వసభ్య సమావేశం ఫిలడెల్ఫియాలో జరిగింది. 1789 నాటికి కొత్త సంఘం తన నిబంధనావళిని ఆమోదించుకుంది. ఆంధ్ర దేశంలోని చాలా ఆంగ్లికన్ సంఘాలు 1947లో ఇతర సంఘాలతో కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడ్డాయి. అమెరికా ఎపిస్కోపల్ సంఘం, దక్షిణ ఇండియా సంఘం రెండూ ప్రపంచ ఆంగ్లికన్ కూటమిలో సభ్యులే.

ఒక చర్చి పరిధిలోకి వచ్చే ప్రాంతాన్ని పారిష్ అంటారు. పారిష్ వ్యవహారాలు చూసే పెద్దల సభను వెస్ట్రీ అని, ప్రధాన గురువును రెక్టార్ అని పిలుస్తారు.

పేరు, తొలి చర్చి

17వ శతాబ్దంలో విలియమ్స్‌బర్గ్ ఉన్న ప్రదేశాన్ని మిడిల్ ప్లాంటేషన్ అనేవారు. ఇది జేమ్స్ నది, యార్క్ నదుల మధ్య ఎత్తయిన భూమిపై 1630లలో వెలసిన చిన్న జనావాసం. 1674లో మిడిల్‌టౌన్, మార్‌స్టన్ అనే రెండు పారిష్‌లను కలిపి బ్రూటన్ పారిష్‌ను ఏర్పాటు చేశారు. ఇంగ్లండులోని సోమర్సెట్ ప్రాంతంలో బ్రూటన్ అనే ఊరు ఉన్నది. అప్పటి గవర్నరు సర్ విలియం బర్క్‌లీ కుటుంబానికి, వలస రాజ్య కార్యదర్శి థామస్ లడ్వెల్‌కు ఆ ఊరితో సంబంధం ఉన్నందున ఈ పేరు పెట్టారు.

మిడిల్ ప్లాంటేషన్‌లో ఇటుకలతో చర్చి నిర్మించాలని 1677లో వెస్ట్రీ నిర్ణయించింది. 1678లో కల్నల్ జాన్ పేజ్ అనే భూస్వామి అందుకు స్థలమూ, కొంత ధనమూ ఇచ్చాడు. 1683 చివరలో చర్చి పూర్తయింది. మొదటి రెక్టార్ రోలాండ్ జోన్స్ 1688 వరకు ఆ పదవిలో ఉన్నాడు. అమెరికా మొదటి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ భార్య మార్తా ఈయన వంశంలోనిదే.

ఈ తొలి ఇటుక చర్చి ప్రస్తుత చర్చికి వాయవ్యంగా ఉండేది. 1702లో వర్జీనియా వచ్చిన ఫ్రాంజ్ లుడ్విగ్ మిషెల్ అనే స్విట్జర్లాండ్ యాత్రికుడు దాని బొమ్మను గీశాడు. కట్టడం పోయినా దాని రూపం కొంతవరకు తెలియడానికి ఆ బొమ్మ ఒక ఆధారం.

రాజధాని తరలింపు

1693లో ఇంగ్లండు రాజు విలియం, రాణి మేరీల అధికార పత్రంతో మిడిల్ ప్లాంటేషన్‌లో విలియం అండ్ మేరీ కళాశాల ఏర్పడింది. 1698లో పాత రాజధాని జేమ్స్‌టౌన్‌లోని శాసనసభా భవనం కాలిపోయింది. 1699లో రాజధానిని మిడిల్ ప్లాంటేషన్‌కు మార్చి, రాజు పేరు మీద విలియమ్స్‌బర్గ్ అని పేరు పెట్టారు. గవర్నరు ఫ్రాన్సిస్ నికల్సన్ కొత్త పట్టణానికి ప్రణాళిక తయారు చేయించాడు. డ్యూక్ ఆఫ్ గ్లౌస్టర్ అనే పేరుగల ప్రధాన వీధి సుమారు ఒక మైలు పొడవున సాగుతుంది. దానికి పడమటి కొసన కళాశాల, తూర్పు కొసన శాసనసభా భవనం ఉండేటట్లు ఏర్పాటు చేశారు. చర్చి ఈ రెండింటికీ మధ్యన, గవర్నరు భవనానికి దారితీసే పచ్చిక బయలు మొదట్లో ఉన్నది.

రాజధాని రావడంతో పాత చర్చి చాలకుండా పోయింది. శాసనసభ సమావేశాలు, న్యాయస్థానాలు జరిగే రోజులలో పట్టణానికి జనం పెద్ద సంఖ్యలో వచ్చేవారు. పైగా పాత కట్టడం అప్పటికే శిథిలమవుతున్నది. కొత్త చర్చి కట్టాలని వెస్ట్రీ తలచినా అంత ఖర్చు పారిష్ ఒక్కటే భరించలేకపోయింది. చర్చి రాజధాని అవసరాలకు కూడా ఉపయోగపడుతున్నది గనుక ప్రభుత్వం సాయం చేయాలని శాసనసభను కోరింది.

1715 నాటి కట్టడం

1710లో గవర్నరుగా వచ్చిన అలెగ్జాండర్ స్పాట్స్‌వుడ్ కొత్త చర్చికి నమూనా గీసి వెస్ట్రీ ముందుంచాడు. దాని ప్రకారం కట్టడం 75 అడుగుల పొడవు, లోపలి వైపు 28 అడుగుల వెడల్పు ఉండాలి. ఇరువైపులా 22 అడుగుల వెడల్పుగల రెక్కలు ఉండాలి. పైనుండి చూస్తే మొత్తం శిలువ ఆకారంలో కనిపిస్తుంది. వర్జీనియాలో శిలువ ఆకారంలో కట్టిన మొదటి చర్చి ఇదేనని చెబుతారు.

ఖర్చును పంచుకొన్న తీరు గమనించదగినది. 75 అడుగులలో 53 అడుగుల భాగాన్ని పారిష్ కట్టించాలి. మిగిలిన 22 అడుగుల భాగం బాధ్యతను గవర్నరు తీసుకున్నాడు. ఇరువైపుల రెక్కల ఖర్చును శాసనసభ భరించింది. ఆ రెక్కలలో శాసనసభ్యులకు ఆసనాలు కేటాయించారు. గవర్నరుకు పైకప్పు అమర్చిన ప్రత్యేక ఆసనం ఉండేది. ఈ విధంగా ఒకే కట్టడంలో ఊరి వంతు, గవర్నరు వంతు, రాజ్యం వంతు కలిసి ఉన్నాయి. జేమ్స్ మోరిస్ అనే వడ్రంగి గుత్తకు తీసుకొని పని జరిపించాడు. 1715లో కొత్త చర్చి పూర్తయింది. తరువాత పాత చర్చిని పడగొట్టారు.

గోడలను ఎర్రని ఇటుకలతో కట్టారు. ఒక్కొక్క వరుసలోనూ ఒక ఇటుకను నిలువు వైపు, తరువాతి దానిని అడ్డ కొస వైపు కనబడేటట్లు మార్చి మార్చి పేర్చారు. కిటికీలు ఎత్తుగా, పైభాగాన అర్ధవృత్తాకారంలో ఉంటాయి. విగ్రహాలు, రంగుల చిత్రాలు లేవు. లోపల ప్రసంగ వేదిక ఎత్తుగా ఉంటుంది. ఆసనాలు చెక్క గోడలతో, చిన్న తలుపులతో గదుల వలె ఉంటాయి. చలికాలంలో వీచే గాలి నుండి ఈ చెక్క గోడలు కొంత రక్షణ కల్పించేవి. ఏ కుటుంబం ఏ గదిలో కూర్చోవాలో వారి సామాజిక స్థాయిని బట్టి నిర్ణయమయ్యేది.

ఈ కాలంలో రెక్టార్‌గా ఉన్న జేమ్స్ బ్లెయిర్ 1710 నుండి 1743లో మరణించేవరకు ఆ పదవిలో కొనసాగాడు. ఆయన కళాశాలకు స్థాపక అధ్యక్షుడు. వర్జీనియాలో లండన్ బిషప్పుకు ప్రతినిధి కూడా. అమెరికా వలస రాజ్యాలలో బిషప్పు ఎవరూ ఉండేవారు కాదు గనుక ఈ ప్రతినిధి పదవికి చాలా ప్రాముఖ్యం ఉండేది.

తరువాతి చేర్పులు

చర్చి ఒక్కసారిగా నేటి రూపానికి రాలేదు. 1715 తరువాత అర్ధ శతాబ్దం పాటు దానికి భాగాలు చేరుతూ వచ్చాయి.

1718లో కళాశాల విద్యార్థుల కోసం పడమటి వైపు మేడ వంటి వసారా ఏర్పాటు చేశారు. ప్రసంగ సమయంలో విద్యార్థులు చెక్కమీద చెక్కిన పొడి అక్షరాలు అక్కడ కనిపిస్తాయి.

1750లలో తూర్పు భాగాన్ని పొడిగించారు. 1754లో శ్మశానం చుట్టూ ఇటుక ప్రహరీ గోడ కట్టారు. 1755లో ఆర్గాన్ వాద్యం వచ్చింది. దానిని వాయించడానికి నియమితుడైన పీటర్ పెల్హమ్ దాదాపు అర్ధ శతాబ్దం ఆ పని చేశాడు. సంగీతంతో వచ్చే ఆదాయం చాలక ఆయన పట్టణంలోని చెరసాలకు అధికారిగా కూడా పనిచేశాడు. ఆర్గాన్‌కు గాలి కొట్టడానికి ఒక ఖైదీని వెంట తెచ్చేవాడని స్థానికంగా చెప్పుకుంటారు.

1761లో జేమ్స్ టార్ప్లీ అనే వర్తకుడు చర్చికి ఒక గంటను బహూకరించాడు. 1769లో బెంజమిన్ పవెల్ అనే నిర్మాణకారుడు పడమటి కొసన గోపురం కట్టాడు. చర్చి మిగిలిన భాగం ఇటుక ఎరుపులో ఉండగా, గోపురం పైభాగం తెల్లని చెక్కతో ఉంటుంది. టార్ప్లీ ఇచ్చిన గంట ఈ గోపురంలోనే ఉన్నది.

వెస్ట్రీ అధికారాలు

వలస రాజ్య కాలంలో ఇంగ్లండు సంఘం వర్జీనియాకు అధికార మత సంఘం. కనుక చర్చి కేవలం ఆరాధనా స్థలం కాదు, స్థానిక పాలనలో భాగం కూడా. పారిష్‌లో ఉన్నవారందరూ, వారు ఏ శాఖకు చెందినా, చర్చికి పన్ను కట్టవలసి ఉండేది. ఆ పన్నును పొగాకు రూపంలో వసూలు చేసేవారు. 1696 నాటి చట్టం ప్రకారం గురువుకు ఏడాదికి 16,000 పౌన్ల పొగాకు జీతంగా ఇవ్వాలి. ఇది సుమారు 7,250 కిలోలు. పొగాకు ధర పెరిగితే గురువు ఆదాయం పెరిగేది, తగ్గితే తగ్గేది.

పేదలు, అనాథలు, వృద్ధుల పోషణ వెస్ట్రీ బాధ్యతగా ఉండేది. ఆరాధనకు రాకుండా ఉన్నవారికి చట్ట ప్రకారం జరిమానా వేయవచ్చు. వెస్ట్రీ సభ్యులలో ఎక్కువమంది భూస్వాములు. వారే న్యాయాధికారులు, శాసనసభ్యులు కూడా అయ్యేవారు.

బానిసలు, చర్చి

18వ శతాబ్దం మధ్యలో విలియమ్స్‌బర్గ్ జనాభాలో దాదాపు సగం మంది ఆఫ్రికన్ సంతతివారు. వారిలో అత్యధికులు బానిసలు. బ్రూటన్ పారిష్ దస్తావేజులలో వందలాది బానిసల బాప్తిస్మముల వివరాలు నమోదయ్యాయి. ఆ వరుసలలో యజమాని పేరు, బానిస పేరు ఉంటాయి. సాధారణంగా బానిసకు ఇంటిపేరు ఉండదు. ఎందరో బానిసలకు సంబంధించి నేడు దొరికే లిఖిత ఆధారం ఈ ఒక్క వరుస మాత్రమే.

బాప్తిస్మము పొందినంత మాత్రాన బానిసత్వం పోదని వర్జీనియా శాసనసభ 1667లోనే చట్టం చేసింది. అందువలన బానిసలకు బాప్తిస్మము ఇప్పించినా యజమానులకు నష్టం కలిగేది కాదు. చర్చిలో గవర్నరుకు, బానిసకు ఒకే ప్రార్థన వినిపించేది. కాని వారు కూర్చునే స్థలాలు వేరు, బయటకు వచ్చిన తరువాత జీవితాలు వేరు.

1760లో విలియమ్స్‌బర్గ్‌లో నల్లజాతి పిల్లల కోసం ఒక పాఠశాల ఆరంభమైంది. లండన్‌లోని డాక్టర్ బ్రే సహచరులు అనే ధార్మిక సంస్థ, బెంజమిన్ ఫ్రాంక్లిన్ సూచన మేరకు దీనిని ఏర్పాటు చేసింది. ఆన్ వేగర్ అనే ఉపాధ్యాయురాలు 1774లో మరణించేవరకు ఈ పాఠశాలను నడిపింది. బానిస పిల్లలు, స్వతంత్రులైన నల్లజాతి పిల్లలు ఇక్కడ చదువుకున్నారు. వారికి చదవడంతో పాటు ఆంగ్లికన్ మత బోధ, యజమానికి లోబడి ఉండడం కూడా నేర్పేవారు. అయితే అక్షరం వచ్చిన తరువాత దానిని దేనికి వాడుకోవాలో నిర్ణయించడం యజమానుల చేతిలో లేదు. ఈ పాఠశాల నడిచిన చిన్న చెక్క ఇల్లు కళాశాల ఆవరణలో ఉన్నట్లు 2020లో నిర్ధారణ అయింది. 2023లో ఆ ఇంటిని పెకలించి చారిత్రక ప్రాంతానికి తరలించారు.

స్వాతంత్ర్యోద్యమ కాలం

జార్జి వాషింగ్టన్, థామస్ జెఫర్సన్, పాట్రిక్ హెన్రీ, జార్జి వైత్ మొదలైనవారు విలియమ్స్‌బర్గ్‌లో ఉన్న కాలంలో ఈ చర్చికి వచ్చేవారు.

1774లో బ్రిటిషు ప్రభుత్వం బోస్టన్ రేవును మూసివేసింది. అందుకు నిరసనగా జూన్ 1వ తేదీని ఉపవాస ప్రార్థన దినంగా పాటించాలని వర్జీనియా శాసనసభ తీర్మానించింది. దానికి ఆగ్రహించిన గవర్నరు డన్మోర్ మే 26న శాసనసభను రద్దు చేశాడు. అయినా జూన్ 1న సభ్యులు బ్రూటన్ చర్చిలో సమావేశమై ప్రార్థన చేశారు. ఆ రోజు చర్చికి వెళ్ళి ఉపవాసం ఉన్నట్లు వాషింగ్టన్ తన దినచర్యలో వ్రాసుకున్నాడు. రాజు సంఘంలోనే, రాజు ప్రతినిధి ఇష్టానికి వ్యతిరేకంగా ప్రార్థన జరగడం ఈ సంఘటనలోని విశేషం.

1776లో స్వాతంత్ర్య ప్రకటన, 1781లో యార్క్‌టౌన్ వద్ద బ్రిటిషు సేన లొంగుబాటు, 1783లో శాంతి ఒప్పందం సందర్భాలలో ఈ చర్చి గంట మోగింది. అందువలన దీనిని వర్జీనియా స్వేచ్ఛా గంట అని పిలుస్తారు.

అధికార హోదా రద్దు, క్షీణత

యుద్ధం ముగిసేలోపే చర్చి తన రెండు ఆధారాలలో ఒకటి కోల్పోయింది. 1780లో రాజధానిని రిచ్మండ్‌కు మార్చారు. గవర్నరు, శాసనసభ్యులు, న్యాయవాదులు, వారిపై ఆధారపడిన వర్తకులు వెళ్ళిపోయారు. విలియమ్స్‌బర్గ్ ఒక కళాశాల, ఒక మానసిక వైద్యశాల ఉన్న చిన్న ఊరుగా మిగిలింది.

రెండవ ఆధారం అధికార హోదా. జెఫర్సన్ రూపొందించిన మత స్వేచ్ఛా చట్టాన్ని వర్జీనియా శాసనసభ 1786లో ఆమోదించింది. దీని ప్రకారం ఏ సంఘానికీ పన్ను కట్టమని ఎవరినీ బలవంతం చేయరాదు. ఈ చట్టాన్ని వ్రాసినది ఒకప్పుడు ఇదే చర్చిలో కూర్చున్న వ్యక్తి. 1802లో మరొక చట్టం ద్వారా పారిష్‌ల ఆధీనంలోని వ్యవసాయ భూములను అమ్మే వీలు కలిగింది. వర్జీనియాలో అనేక ఆంగ్లికన్ చర్చిలు ఖాళీ అయి, పాడుబడి, ఇటుకల కోసం కూలగొట్టబడ్డాయి. బ్రూటన్ చర్చి మాత్రం మూతపడలేదు. 1773లో రెక్టార్‌గా వచ్చిన జాన్ బ్రాకెన్ ఈ మార్పులన్నిటి మధ్య 1818 వరకు అక్కడే కొనసాగాడు.

1839లో మార్పులు, అంతర్యుద్ధం

19వ శతాబ్దంలో సంఘానికి అంత పెద్ద చర్చి అవసరం లేకపోయింది. 1839 ప్రాంతంలో లోపల అడ్డుగోడ కట్టి చర్చిని రెండు భాగాలు చేశారు. తూర్పు భాగంలో ఆరాధన, పడమటి భాగంలో ఆదివారపు బడి జరిగేవి. ఎత్తయిన ప్రసంగ వేదికను, గదుల వంటి ఆసనాలను తీసివేసి కాలానికి తగినవి అమర్చారు. గోపురం అడుగు భాగం బొగ్గు నిలువకు ఉపయోగపడింది.

పాత వస్తువులు పోయినందుకు తరువాతి తరాలవారు ఈ మార్పులను తప్పుపట్టారు. అయితే ఆనాటి సభ్యుల వైపు నుండి చూస్తే, తమ శక్తికి తగినట్లు చర్చిని చిన్నది చేసుకొని వాడుకోవడమే దానిని నిలబెట్టింది. పైకప్పు, గోడలు సంరక్షణలో ఉన్నందుననే తరువాత పునరుద్ధరించడానికి ఒక కట్టడం మిగిలింది.

1862 మే 5న విలియమ్స్‌బర్గ్ యుద్ధం జరిగింది. గాయపడిన దక్షిణ రాష్ట్రాల సైనికులను చర్చిలో ఉంచి చికిత్స చేశారు.

మొదటి పునరుద్ధరణ

1903లో డబ్ల్యూ. ఎ. ఆర్. గుడ్విన్ రెక్టార్‌గా వచ్చాడు. జేమ్స్‌టౌన్ స్థాపనకు 1907లో 300 సంవత్సరాలు నిండనున్నాయి. ఆ సందర్భానికి చర్చిని వలస రాజ్య కాలపు రూపానికి తేవాలని ఆయన సంకల్పించి విరాళాలు సేకరించాడు. న్యూయార్క్ వాస్తుశిల్పి జె. స్టీవర్ట్ బార్నీ పర్యవేక్షణలో 1905 నుండి 1907 వరకు పనులు జరిగాయి. అడ్డుగోడను తొలగించారు. నేలను తవ్వినప్పుడు కింద పలు సమాధులు బయటపడ్డాయి.

1907లో బ్రిటన్ రాజు ఏడవ ఎడ్వర్డ్ ఈ చర్చికి ఒక బైబిలును, అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ఆ బైబిలును ఉంచే పీఠాన్ని బహూకరించారు. స్వాతంత్ర్య యుద్ధంలో విడిపోయిన రెండు దేశాల అధినేతల కానుకలు ఈ విధంగా ఒకే చోట చేరాయి.

చర్చి నుండి పట్టణానికి

గుడ్విన్ 1909లో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌కు బదిలీ అయి, 1923లో కళాశాల ఉద్యోగంపై విలియమ్స్‌బర్గ్‌కు తిరిగి వచ్చాడు. అప్పటికి పట్టణంలో మోటారు వాహనాలు, పెట్రోలు బంకులు, కొత్త దుకాణాలు వచ్చి పాత ఇళ్ళు పోతున్నాయి. చర్చికి చేసినది పట్టణమంతటికీ చేయాలని ఆయనకు తోచింది. చర్చి ప్రక్కనే ఉన్న జార్జి వైత్ ఇంటిని సేకరించి, బాగుచేయించి, పారిష్ కార్యాలయంగా మార్చాడు. 1926లో మరల బ్రూటన్ రెక్టార్ అయ్యాడు.

ధనవంతుడైన జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్‌తో గుడ్విన్‌కు 1924లో పరిచయమైంది. 1926లో విలియమ్స్‌బర్గ్ వచ్చిన రాక్‌ఫెల్లర్‌కు పట్టణాన్ని తిప్పి చూపించాడు. ఆ ఏడాది చివరలో మొదటి ఇంటి కొనుగోలుకు అంగీకారం టెలిగ్రాం ద్వారా వచ్చింది. ధరలు పెరగకుండా ఉండటానికి అసలు పేరు బదులు అందులో డేవిడ్ తండ్రి అని సంతకం చేశారు. డేవిడ్ రాక్‌ఫెల్లర్ చిన్న కుమారుడు. దాదాపు రెండేళ్ళు గుడ్విన్ తన పేరు మీద ఇళ్ళూ స్థలాలూ కొంటూ పోయాడు. ధనం ఎవరిదో 1928 జూన్‌లో పట్టణ ప్రజల సమావేశంలో వెల్లడించారు.

తరువాతి దశాబ్దాలలో 80కి పైగా 18వ శతాబ్దపు కట్టడాలను పునరుద్ధరించారు. గవర్నరు భవనం, శాసనసభా భవనం పునాదుల మీద కొత్తగా నిర్మించబడ్డాయి. తరువాతి కాలపు కట్టడాలు వందల సంఖ్యలో తొలగించబడ్డాయి లేదా తరలించబడ్డాయి. ఈ విధంగా ఏర్పడిన కలోనియల్ విలియమ్స్‌బర్గ్ ప్రసిద్ధ సందర్శన స్థలమైంది. బ్రూటన్ చర్చి దాని నడిబొడ్డున ఉన్నా, ఆ సంస్థకు చెందదు. చర్చి యాజమాన్యం పారిష్ చేతిలోనే ఉన్నది.

రెండవ పునరుద్ధరణ

పట్టణంలో పనులు సాగుతున్నకొద్దీ వలస రాజ్య కాలపు కట్టడాల గురించి పరిజ్ఞానం పెరిగింది. 1907 నాటి పునరుద్ధరణలో ఊహ మీద ఆధారపడిన అంశాలు ఉన్నట్లు తెలిసింది. 1930ల చివరలో పెర్రీ, షా అండ్ హెప్‌బర్న్ వాస్తుశిల్పుల ఆధ్వర్యంలో చర్చిని మరింత పరిశోధించి మరల పునరుద్ధరించారు. గదుల వంటి ఆసనాలు, ఎత్తయిన ప్రసంగ వేదిక నేటి రూపంలో అప్పుడే వచ్చాయి. కనుక నేడు లోపల కనిపించేవాటిలో గోడలు 18వ శతాబ్దానివి కాగా, చెక్కపనిలో అధిక భాగం 20వ శతాబ్దానిది.

గుడ్విన్ 1939 సెప్టెంబరు 7న మరణించాడు. ఆయనను చర్చి లోపలే సమాధి చేశారు.

నాసా వీధిలోని చర్చి

పునరుద్ధరణ చరిత్రకు మరొక పార్శ్వం ఉన్నది. బ్రూటన్ చర్చికి కొద్ది దూరంలో, నాసా వీధిలో, నల్లజాతి వారి మొదటి బాప్టిస్టు చర్చి ఉండేది. ఈ సంఘం తన ఆరంభాన్ని 1776గా లెక్కిస్తుంది. చట్టం నల్లజాతి వారి సమావేశాలను నిషేధిస్తున్న రోజులలో వారు పట్టణం వెలుపల రహస్యంగా కూడుకునేవారు. గోవన్ పాంఫ్లెట్ అనే బోధకుడు విలియమ్స్‌బర్గ్‌లోని ఒక సత్రంలో పనిచేసిన బానిస. అతను బోధకుడైన తరువాతనే విముక్తి పొందాడు. 1834లో సుడిగాలికి వారి చర్చి కూలిపోగా, 1856లో ఇటుకలతో కొత్త చర్చి కట్టుకున్నారు.

ఈ చర్చి 18వ శతాబ్దానిది కాదు గనుక పునరుద్ధరణ ప్రణాళికలో దానికి చోటు లేకపోయింది. 1950ల మధ్యలో కలోనియల్ విలియమ్స్‌బర్గ్ ఆ స్థలాన్ని కొని, కట్టడాన్ని తొలగించింది. సంఘం మరొక వీధిలో చర్చి కట్టుకుంది. పాత స్థలం తరువాత వాహనాలు నిలిపే చోటుగా మారింది. 2020లో అక్కడ పురావస్తు తవ్వకాలు మొదలయ్యాయి. 19వ శతాబ్దపు ఆరంభానికి చెందిన చర్చి పునాది, 60కి పైగా సమాధులు బయటపడ్డాయి. సంఘ సభ్యుల అభీష్టం మేరకు కొన్ని సమాధులను పరిశీలించగా, అవి ఆఫ్రికన్ సంతతి వారివని 2023లో నిర్ధారణ అయింది.

ఒకే పట్టణంలో ఒక చర్చి గోడలను ఇటుక ఇటుకగా కాపాడారు, మరొక చర్చిని కూల్చి మీద తారు పరిచారు. ఈ రెండు నిర్ణయాలూ పాత పట్టణాన్ని నిలపాలనే ఒకే కార్యక్రమంలో భాగంగా జరిగినవే.

ఖజానా వదంతి

చర్చి ఆవరణలో ఒక రహస్య ఖజానా ఉన్నదని, అందులో ఆంగ్ల రచయిత ఫ్రాన్సిస్ బేకన్‌కు సంబంధించిన వ్రాతప్రతులు ఉన్నాయని ఒక వదంతి 20వ శతాబ్దంలో వ్యాపించింది. సమాధి రాళ్ళ మీది అక్షరాలలో సంకేతాలు ఉన్నాయని నమ్మిన మేరీ బాయర్ 1938లో ఇక్కడ తవ్వకం జరిపించింది. ఖజానా దొరకలేదు గాని, 1683 నాటి తొలి చర్చి పునాది బయటపడింది. 1991లో కొందరు అనుమతి లేకుండా రాత్రివేళ తవ్వారు. చివరకు 1992లో చర్చి అనుమతితో నిపుణులు లోతుగా తవ్వి పరిశీలించారు. అక్కడ మానవులు ఎన్నడూ కదల్చని మట్టి పొరలు మాత్రమే ఉన్నాయని తేలింది.

ఇతర విశేషాలు

* చర్చి లోపల గవర్నరు ఫ్రాన్సిస్ ఫాకియర్ (మరణం 1768) సమాధి, ఆవరణలో గవర్నరు ఎడ్వర్డ్ నాట్ (మరణం 1706) సమాధి ఉన్నాయి.
* మార్తా వాషింగ్టన్‌కు మొదటి వివాహం వలన కలిగి, పసితనంలోనే మరణించిన ఇద్దరు పిల్లల సమాధులు ఆవరణలో ఉన్నాయి.
* జేమ్స్‌టౌన్ చర్చికి 1661లో బహూకరించిన వెండి ప్రభుభోజన పాత్రలు తరువాత ఈ చర్చికి చేరాయి.
* 1967 నవంబరు 12న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఇక్కడ ఆరాధనకు వచ్చాడు. రెక్టార్ కాట్స్‌వర్త్ పింక్నీ లూయిస్ తన ప్రసంగంలో వియత్నాం యుద్ధానికి తగిన కారణం చెప్పాలని అధ్యక్షుని ఎదుటనే కోరాడు. ఇది దేశమంతటా చర్చనీయాంశమైంది.

కాలక్రమం

* 1674: బ్రూటన్ పారిష్ ఏర్పాటు.
* 1683: మొదటి ఇటుక చర్చి పూర్తి.
* 1699: రాజధాని విలియమ్స్‌బర్గ్‌కు మార్పు.
* 1715: ప్రస్తుత చర్చి పూర్తి.
* 1755: ఆర్గాన్ వాద్యం ఏర్పాటు.
* 1769: గోపురం నిర్మాణం.
* 1780: రాజధాని రిచ్మండ్‌కు మార్పు.
* 1786: మత స్వేచ్ఛా చట్టం ఆమోదం.
* 1839: లోపల అడ్డుగోడ నిర్మాణం.
* 1862: విలియమ్స్‌బర్గ్ యుద్ధం, చర్చిలో వైద్యశాల.
* 1905–1907: మొదటి పునరుద్ధరణ.
* 1926: పట్టణ పునరుద్ధరణకు నాంది.
* 1930ల చివర: రెండవ పునరుద్ధరణ.
* 1970: జాతీయ చారిత్రక స్థలంగా గుర్తింపు.
* 1992: ఖజానా వదంతిపై తవ్వకం.